పిడి

సాయంత్రం నాలుగయ్యేసరికి
నిమ్మచెక్క పిండలేని చెయ్యి నాది.
పొద్దుట్నుంచి ముప్పై ఎనిమిది పొట్టలు.
మహేంద్రగిరి దిగి వచ్చిన సవర ఆడవాళ్ళు,
గుణుపురం బస్సులో నిలబడే వచ్చిన నిండు నెలల మనిషి,
రాళ్ళున్నాయేమోనని డొక్క పట్టుకున్న ముసలాయన.
ఊపిరి బిగపట్టమని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి,
సవర రాక, బుగ్గలు పూరించి చూపించి.

ప్రోబుకి మాత్రం ఒక్క మాటే వచ్చు: నొక్కు.
ఇంకాస్త నొక్కు. మణికట్టు పక్కకి వంచు.
వంచి, అలాగే ఉండు.
దాని తీగ నేలకి వేలాడి
రోజంతా నా బొటనవేలిని కిందకి లాగుతుంది,
సంతలో తప్పిపోతానని భయపడే పిల్లలాగ.

ఈ పిడిని గీసినవాడు
ఎవరి చెయ్యో చూసే గీసి ఉంటాడు.
నాది కాదు.
నా గ్లవ్సు సైజు ఆరు.

కట్టు కట్టుకునే, ఎవరి పెళ్ళికో బహుమతి కొందామని
పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మల వీధికి వెళ్ళాను.
ఖగేశ్వర మహారణా కొంగ మెడ నునుపు చేస్తున్నాడు.
బొమ్మలు చూపించలేదు. కట్టు చూశాడు.
"ఏ పనిముట్టమ్మా?"
ఏ జబ్బని అడగలేదు.
ఎముకల డాక్టరు కూడా అడగని ప్రశ్న అది.

పాడైన పాత ప్రోబొకటి పట్టుకెళ్ళి ఇచ్చాను.
కళ్ళు మూసుకుని తడిమాడు.
"సిటికెడు ఉప్పు పట్టినట్టు పట్టుకుంతన్నావు.
ఉప్పయితే కూరలో ఏసి ఒగ్గేస్తాం.
నువ్వు ఒగ్గవు గదా."

నిప్పుల మీద గేదె కొమ్ము కాగింది.
వీధంతా కాలిన వెంట్రుకల వాసన.
మొదటి పిడి, జెల్ తగలగానే చేపలా జారింది.
రెండోది లావు, నా వేళ్ళు కలవలేదు.
మూడోది కుదిరేదే గాని
చెయ్యి ఊరుకోక ఈకలు చెక్కేశాడు దాని మీద;
ఈకల్లో జెల్ ఇరుక్కుంది.
నాలుగోది
అరచేతిలో కూచుంది, వేళ్ళతో పని లేకుండా.
తీగ ముంజేతి మీదుగా పోవడానికి ఓ చిన్న కొక్కెం,
ఏనుగు తొండం వంపులోనే.

కొమ్ము ఆసుపత్రికి పనికిరాదు,
రోజూ మందునీళ్ళతో తుడిస్తే పగుళ్ళిస్తుంది.
పళ్ళ సెట్లు చేసే పేడాడ ఢిల్లేశు
గులాబీరంగు ముద్దలో అచ్చు తీసి రబ్బరు పోశాడు.
"నేను సేసినవాటిల్లో నవ్వనిది ఇదొక్కటే మేడమ్."
మిషను విప్పలేదు, సీలు ముట్టుకోలేదు.
తొడుగంతే. తొడిగిన మొదటి రోజు
ఎడమ చేత్తో అన్నం తినే అవసరం రాలేదు.

మహారణా చూడ్డానికి వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో.
గోడ మీది బోర్డు చదివాడు,
ఆడో మగో ఇక్కడ చెప్పరని.
"నాను బొమ్మలకీ సెప్పను," అన్నాడు.
సరదాకి అతని మణికట్టు మీద జెల్ రాశాను.

తెర మీద బూడిదలో తెల్లటి తాడు.
తాడు చుట్టూ నల్లటి నీటి మడుగు.
నాకున్నదానికి రెండింతలు.

"ఎన్నాళ్ళనుంచి?"
"ఉలి మా నాయినది. ఆయన సెయ్యి వేరు," అన్నాడు
తెర మీది తన చేతిని
బేరం కుదరని కొమ్ములాగ అటూ ఇటూ చూస్తూ.

సొరుగులోంచి రెండో పిడి తీశాను, ఆ లావుది.
అతని గుప్పిట్లో పెట్టాను.
వేళ్ళు కలిశాయి.

చాలాసేపు ఏమీ అనలేదు.
బయట టోకెన్లు పిలుస్తున్నారు.
జెల్ తుడుచుకోకుండానే,
ఉలి మొన ఎక్కడ దిగాలో కొలుస్తూ
ఒక కన్ను మూశాడు.